కెరటం మీద ఉక్కు వంగుతుంది

మూడు వందల మీటర్ల పొడవున్న ఉక్కు ఓడ తుఫాను కెరటాల్లో చిక్కుకుంటే దాని నడుము పదుల సెంటీమీటర్ల మేర పైకీ కిందికీ వంగుతుంది. కంటైనర్ ఓడల్లో డెక్ కింద ముందు నుంచి వెనక దాకా ఒక పొడవాటి నడవా ఉంటుంది. సముద్రం రేగిన రోజున ఆ నడవాలో ఒక చివర నిలబడి రెండో చివర వరకూ వెలుగుతున్న దీపాల వరసను చూడండి. ఆ వరస మెల్లగా లేస్తుంది, దిగుతుంది, కాస్త మెలి కూడా తిరుగుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు గుండె జారిపోతుంది. ఓడ విరిగిపోతోందనుకుంటారు. నిజానికి ఆ కాస్త కదలికా లేకపోతేనే భయపడాలి.

విశాఖపట్నంలో ఓడల డిజైన్ పనిలో ఉద్యోగమంతా గడిపి, రిటైరయ్యాక పిల్లల దగ్గర ఉందామని హైదరాబాద్ వచ్చి వెంగళరావు నగర్‌లో స్థిరపడ్డాను. మా చుట్టుపక్కల సినిమావాళ్లు ఎక్కువ. హీరోలూ నిర్మాతలూ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీద ఉంటారు. సెట్లు వేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు, ఎడిటింగ్ గదుల్లో తెల్లవార్లూ కూర్చునేవాళ్లు ఇటు మా కాలనీలో, యూసుఫ్‌గూడలో, కృష్ణానగర్‌లో అద్దెకుంటారు. మా పై అంతస్తు కుర్రాడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్. ఒక సినిమాకి ఓడ డెక్ సెట్ వేస్తూ నాకు ఫోన్‌లో వీడియో చూపించాడు. "అంకుల్, సెట్ మొత్తం హైడ్రాలిక్ జాకీల మీద పెట్టి ఊపుతున్నాం. అసలు ఓడలాగే ఉందా, ఏమైనా తేడా ఉందా చెప్పండి."

చాలా బాగా చేశారు. పక్కలకు ఒరుగుతోంది, ముక్కు లేచి పడుతోంది, మొత్తంగా పైకి తేలి కిందికి దిగుతోంది. ఓడ కదలికలు ఆరు రకాలైతే అందులో కంటికి బాగా తెలిసే మూడూ వాళ్లు పట్టుకున్నారు. కానీ ఆ సెట్ ఒకే ముక్కగా ఊగుతోంది. "చిన్న ఓడకైతే ఇది చాలు బాబూ. మీది పెద్ద ఓడ అంటున్నావు కదా, పెద్ద ఓడ ఊగడంతో పాటు వంగుతుంది కూడా" అన్నాను. "ఇనుము వంగుతుందా అంకుల్?" అని అతను అడిగిన తీరు చూశాక ఈ సంగతి పదిమందికీ చెప్పాలనిపించింది.

సెట్లో కార్పెంటర్లు వాడే పొడవాటి చెక్క ప్లాంకునే తీసుకుందాం. దాని నడుము కింద మాత్రమే ఒక ఇటుక పెడితే రెండు చివరలూ కిందికి వేలాడతాయి. ఇటుకను తీసేసి రెండు చివరల కిందా చెరొకటి పెడితే నడుము కిందికి జారుతుంది. ఓడకు ఇటుకలు కెరటాలే. కెరటం శిఖరం ఓడ మధ్యకు వచ్చినప్పుడు చివరలకు నీటి ఆసరా తగ్గుతుంది. దీన్ని షిప్‌యార్డుల్లో హాగింగ్ అంటారు. కెరటం కాస్త ముందుకు జరిగి ముందొక శిఖరం, వెనకొక శిఖరం, మధ్యలో పల్లం వస్తే సాగింగ్. హాగింగ్‌లో డెక్ సాగుతుంది, అడుగు నొక్కుకుంటుంది. సాగింగ్‌లో సరిగ్గా ఎదురు. కొన్ని సెకన్లకొకసారి, ఓడ సముద్రం మీద ఉన్నంత కాలం, ఇదే వరస.

ఓడను అన్నిటికంటే గట్టిగా వంచేది దానంత పొడవున్న కెరటం. మా తరం కాగితం మీద లెక్క అలాగే కట్టింది. ఓడ పొడవే కెరటం పొడవు అనుకోవాలి, అందులో ఇరవయ్యో వంతు దాని ఎత్తు అనుకోవాలి, ఓడను ఆ కెరటం మీద కదలకుండా నిలబెట్టి ఎక్కడెంత బరువుంది, ఎక్కడెంత నీరు మోస్తోంది అని ముక్క ముక్కగా తూచాలి. 160 మీటర్ల ఓడకు 8 మీటర్ల కెరటం అన్నమాట. 1948లో విశాఖ షిప్‌యార్డులో నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష' కాలంలో ప్రపంచమంతా ఓడలకు కట్టిన లెక్క ఈ పద్ధతిదే. ఆ పొడవుకు అది నమ్మదగిన లెక్క. ఓడ ఒళ్లు గట్టిగా, పొట్టిగా ఉన్నంత వరకూ కెరటాన్ని కదలనిదిగా అనుకున్నా ప్రమాదం లేదు.

కెరటం పొడవు ఎలా తెలుస్తుంది? లోతు నీళ్లలో చాలా తేలికైన సూత్రం ఉంది. ఒక శిఖరం దాటాక రెండోది రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఆ అంకెను దానితోనే గుణించి, వచ్చినదాన్ని 1.56తో గుణిస్తే మీటర్లలో పొడవు. 8 సెకన్ల కెరటం 100 మీటర్లు. 10 సెకన్లది 156. 14 సెకన్లది 300 దాటుతుంది. ఈ పొడవాటి కెరటాలు మన బంగాళాఖాతంలో పుట్టినవే కానక్కర్లేదు. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుఫాను నుంచి వేల కిలోమీటర్లు నడిచి, గాలే లేని రోజున కూడా మన తీరానికి చేరతాయి. ఆ రాకను ముందుగా లెక్కగట్టి చెప్పే సంస్థ, ఇన్‌కాయిస్, మన హైదరాబాద్‌లోనే ప్రగతి నగర్‌లో ఉంది. 1999లో ఏర్పడింది. కనుచూపు మేరలో సముద్రం లేని ఊళ్లో కూర్చుని, నీటి మీద తేలే బోయాలూ ఉపగ్రహాలూ పంపే కొలతలతో రేపు ఫలానా తీరంలో కెరటం ఎంత ఎత్తు, ఎన్ని సెకన్లు అని జాలర్లకూ ఓడలకూ చెబుతారు. మా ఇంటి నుంచి అక్కడికి ఆటోలో వెళ్లిపోవచ్చు. ఈ నగరం గురించి నేను గర్వంగా చెప్పుకునే సంగతుల్లో అదొకటి.

నీటిలోకి దిగేకొద్దీ ఈ కదలిక ఎంత త్వరగా చచ్చిపోతుందో కూడా చెప్పాలి. కెరటం పొడవులో సగం లోతుకు వెళ్తే పైన ఉన్న కదలికలో ఇరవయ్యో వంతు కూడా మిగలదు. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాలో జలాంతర్గాములు అంత నిశ్చలంగా సాగడంలో అసహజం ఏమీ లేదు. కెరటాల చావుదెబ్బలన్నీ పైన తేలేవాటికే.

ఇక అసలు చిక్కు. ప్రతి ఓడకూ తనదైన ఒక కంపన వేగం ఉంటుంది. ఒకసారి వంచి వదిలితే అది ఎన్ని సెకన్లకొకసారి అటూ ఇటూ వంగుతుందో, అది. ఒకే పోలికలో ఉన్న రెండు ఓడల్లో ఒకటి రెండోదానికి రెట్టింపు పొడవుంటే, దాని కంపనం సగం వేగానికి పడిపోతుంది. పొట్టి ఓడ సెకనులోపే ఒక వంపు ముగిస్తుంది. 400 మీటర్ల కంటైనర్ ఓడకు దాదాపు రెండు సెకన్లు పడుతుంది. సముద్రంలో రెండు సెకన్ల చిన్న కెరటాలకు కొదవ లేదు, పైగా ఓడ ఎదురుగా పరిగెడుతుంటే పెద్ద కెరటాలు కూడా ఇంకా త్వరత్వరగా వచ్చి తగులుతాయి. రెండు వేగాలూ కలిశాయంటే చిన్న కెరటాలే ఓడను గంటల తరబడి కంపింపజేస్తాయి. దీని పేరు స్ప్రింగింగ్. ఇంకొకటి విప్పింగ్. ఓడ ముక్కు నీళ్లలోంచి లేచి ధబీమని పడినప్పుడు ఆ దెబ్బకు ఓడ ఒళ్లంతా అదురుతుంది, ఆ అదురు చాలాసేపు తగ్గదు. కెరటం వంచుతున్న వంపు మీద ఈ అదురు వంపు కూడా చేరితే, కాగితం మీద సరిపోయిన బలం సముద్రం మీద సరిపోకపోవచ్చు.

2013 జూన్ 17న అదే జరిగింది. సింగపూర్ నుంచి జెడ్డా వెళ్తున్న 'ఎంఓఎల్ కంఫర్ట్' అనే కంటైనర్ ఓడ హిందూ మహాసముద్రంలో, యెమెన్‌కు దూరంగా, నైరుతి రుతుపవనాల కెరటాల మధ్య నడిమికి విరిగింది. పొడవు 316 మీటర్లు. జపాన్‌లో నాగసాకిలో కట్టింది. అప్పటికి వయసు అయిదేళ్లు. ముసలి ఓడ తుప్పు పట్టి విరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు, ఇది కొత్తది. అందులోని 26 మందీ లైఫ్‌రాఫ్టుల్లోకి దిగి ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లను కాపాడే పనిని సమన్వయం చేసింది ముంబైలోని మన కోస్ట్‌గార్డ్ కేంద్రం. ఓడ రెండు ముక్కలూ విడివిడిగా కొన్నాళ్లు తేలాయి. వెనక ముక్క పది రోజులకు మునిగింది. ముందు ముక్కను లాక్కెళ్తుంటే నిప్పంటుకుని జూలైలో మునిగింది.

ఆ వార్త విన్న రోజుల్లో మా వృత్తిలో ఉన్నవాళ్లెవరికీ సరిగా నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. రూల్స్ ప్రకారం కట్టిన ఓడ. లెక్కలన్నీ సరిచూసిన ఓడ. దర్యాప్తులో అదే నమూనా ఓడలను పరీక్షిస్తే వాటి అడుగు ప్లేట్లలో కూడా వంకర్లు కనిపించాయి. హాగింగ్‌లో అడుగు నొక్కుకుంటుందని చెప్పాను కదా. ఆ నొక్కుడుకు అడుగు ప్లేటు ముడుచుకుపోవడం మొదలై, ముడుచుకున్న చోట బలం పోయి, పక్క ప్లేట్లు ఆ బరువు ఎత్తుకోలేక వరసగా లొంగిపోయాయి. విప్పింగ్ కూడా ఆ భారాన్ని పెంచి ఉంటుందని నిపుణులు అంచనా వేశారు. 2015లో ప్రపంచ ఓడల వర్గీకరణ సంస్థల సంఘం కంటైనర్ ఓడలకు ప్రత్యేకంగా కొత్త నిబంధనలు తెచ్చింది. పెద్ద ఓడలకు విప్పింగ్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలంది. అంతకు చాలా ముందే, 1979లో, బిషప్, ప్రైస్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు నీరూ ఓడా ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో కలిపి లెక్కగట్టే హైడ్రోఎలాస్టిసిటీ శాస్త్రాన్ని ఓడలకు అన్వయిస్తూ పుస్తకం రాశారు. శాస్త్రం సిద్ధంగా ఉన్నా నిబంధనల్లోకి చేరడానికి ఓడ విరగాల్సి వచ్చింది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

వంగే వస్తువే బతుకుతుందని మన తీరం జాలర్లకు ఎప్పటి నుంచో తెలుసు. 1933లో విశాఖ హార్బరు తెరిచే దాకా ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకూ మనుషులూ ఒడ్డుకు చేరాలంటే విరిగి పడే కెరటాలు దాటాలి. అక్కడ తెల్లవాళ్ల గట్టి పడవలు ఇసుక తిన్నెకు కొట్టుకుని పగిలిపోయేవి. దాటించినవి మసూలా పడవలు. వాటికి మేకులుండవు, లోపల అడ్డ పక్కటెముకలూ ఉండవు. పలకలను కొబ్బరి తాడుతో ఒకదానికొకటి కుట్టి, కుట్టు సందుల్లో గడ్డి కూరేవాళ్లు. కెరటం ఎత్తి ఇసుక మీద వేస్తే పడవ ఒళ్లంతా కదిలి ఆ దెబ్బను మింగేసేది. మచిలీపట్నం నుంచి మద్రాసు దాకా తూర్పు తీరపు ఓడ వ్యాపారమంతా ఈ కుట్టు పడవల మీద నడిచిన కాలం ఉంది. తెప్ప కూడా అంతే. తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టడమే. నీరు దుంగల సందుల్లోంచి పైకొచ్చి మళ్లీ కిందికి పోతుంది, దుంగలు ఒకదాని పక్కన ఒకటి కాస్త కదులుతాయి, తెప్ప మునగదు. నా దృష్టిలో వీటిని కట్టినవాళ్లు గొప్ప ఇంజనీర్లు. వాళ్ల పేర్లు ఎక్కడా రాసిపెట్టి లేవు.

అదే విశాఖలో 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. ప్లాస్టిక్ దిమ్మెలను పిన్నులతో కలిపి నీటి మీద పరిచిన వంతెన. మర్నాడే దాని చివరనున్న వేదిక వంతెన నుంచి విడిగా కనిపించింది. పరీక్ష కోసం తామే విడదీశామని అధికారులు చెప్పారు. ఆ తర్వాత రెండు వారాలకే, మార్చిలో, కేరళలోని వర్కలలో ఇలాంటి వంతెన మీద చేతి కమ్మీ కెరటాల దెబ్బకు ఒరిగి సందర్శకులు సముద్రంలో పడి గాయపడ్డారు. ఇలాంటి దిమ్మెల వంతెన చెరువులో, హార్బరు లోపల చక్కగా పనిచేస్తుంది. ప్రతి దిమ్మె కీలు దగ్గర వంగుతుంది కాబట్టి మెల్లని కెరటం దాని కింద నుంచి సాఫీగా జారిపోతుంది. ఒడ్డున విరిగి పడే కెరటం వేరు. అది వంచదు, లాగి కొడుతుంది. ఆ లాగుడంతా ఒక్కో పిన్ను మీద పడుతుంది. సందర్శకుల కోసమే అయితే దీన్ని హార్బరు గోడ లోపల ప్రశాంతమైన నీటిలో పెట్టాలని, విరిగి పడే కెరటాల్లో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

సరైన చోట పెడితే ఈ పద్ధతి ఎంత పని చేస్తుందో రామగుండం వెళ్లి చూడాలి. ఎన్టీపీసీ జలాశయం మీద 500 ఎకరాల్లో తేలే 100 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2022 జూలై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. 40 భాగాలు, ఒక్కో భాగంలో 11,200 పలకలు, వాటి మధ్య ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు మోసే ఒక ఫెర్రోసిమెంటు వేదిక. జలాశయం అడుగున పడేసిన బరువులకు గట్టి తాళ్లతో కట్టేశారు. గాలి లేచినప్పుడు నీటి మీది అలలు ఈ పరుపు అంచులను బాగా కదిలిస్తాయి, లోపలికి వెళ్లేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. పెద్ద తేలే కట్టడాలన్నిటికీ ఇది వర్తిస్తుంది, అంచులకు ఎక్కువ కష్టం, నడిమికి తక్కువ. జపాన్ వాళ్లు యొకోసుక దగ్గర 2000 సంవత్సరంలో మెగా-ఫ్లోట్ అనే తేలే రన్‌వే మీద నిజమైన విమానాలను దించి, లేపి పరీక్షించారు. దాని పొడవు 1,000 మీటర్లు, మందం మూడే మీటర్లు. అంత పలచనిది కెరటాల మీద గట్టి పలకలా ఉండలేదు, కెరటం వంపును తానూ కొంత తీసుకుంటుంది. ఎంత తీసుకుంటే విమానం చక్రాలకు ఇబ్బంది రాదో లెక్క కట్టడమే ఆ ప్రయోగమంతా.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు సియాటిల్ నుంచి రెడ్‌మండ్‌కు ఆఫీసుకు వెళ్తూ రోజూ తేలే వంతెన దాటుతాడు. సియాటిల్ ప్రాంతంలో మనవాళ్లు వేలమంది దాన్ని దాటుతారు, కింద 77 కాంక్రీటు పెట్టెలు తేలుతున్నాయని వాళ్లలో ఎంతమంది తలచుకుంటారో. 2016లో తెరిచిన ఈ వంతెన తేలే భాగం దాదాపు 2,350 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైనది. "గాలివాన రోజున ఒక పక్క కెరటాలు కొడుతుంటాయి మావయ్యా, రెండో పక్క నీళ్లు నున్నగా ఉంటాయి" అన్నాడు. అవును, వంతెనే అడ్డుగోడ అయి కెరటం బలాన్ని తనలో తీసుకుంటుంది. దీనికి ముందున్న పాత వంతెనను గాలి ముదిరితే మూసేయాల్సి వచ్చేది.

ఇక కాకినాడ. అక్కడి నుంచి సముద్రంలోకి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఓఎన్‌జీసీ లోతు నీటి బావుల చమురు 2024 జనవరి 7న మొదటిసారి పైకి వచ్చింది. దాన్ని అందుకున్నది 'ఆర్మడా స్టెర్లింగ్-5' అనే తేలే ఉత్పత్తి కేంద్రం, ఎఫ్‌పీఎస్‌ఓ అంటారు. ఓడలాంటిదే, కానీ ఎక్కడికీ వెళ్లదు. అంతకు ముందు 2008 నుంచి రిలయన్స్ 'ధీరూభాయ్-1' పదేళ్లు ఇదే పని చేసి వెళ్లింది. నాకు వీటి మీద ప్రత్యేకమైన శ్రద్ధ. మామూలు ఓడ తుఫాను వస్తోందంటే దారి మార్చుకుంటుంది, కొన్నేళ్లకొకసారి డ్రై డాక్‌లోకి వెళ్లి ఒళ్లు చూపించుకుంటుంది. ఎఫ్‌పీఎస్‌ఓ ఏళ్ల తరబడి ఒకే చోట లంగరు మీద, వచ్చిన ప్రతి కెరటాన్నీ భరిస్తూ ఉండాలి. పైగా ట్యాంకుల్లో చమురు నిండుతూ, ఇంకో ఓడకు ఎక్కిస్తే ఖాళీ అవుతూ ఉంటుంది. నడిమి ట్యాంకులు నిండితే ఒక తీరు వంపు, చివరివి నిండితే ఇంకో తీరు. కెరటం వంపుకు ముందే సరుకు వంపు ఒకటి సిద్ధంగా ఉంటుందన్నమాట. ఏ ట్యాంకు ముందు నింపాలో లోడింగ్ కంప్యూటర్ చూసి చెబుతుంది.

8 సెకన్లకొక కెరటం అనుకుంటే రోజుకు 10,800 వంపులు. ఏడాదికి 39 లక్షల పైన. ఇరవయ్యేళ్లకు దాదాపు ఎనిమిది కోట్లు. వాటిలో ఏ ఒక్కటీ ఓడను విరిచేంత పెద్దది కాకపోయినా, ఒకే చోట అన్నిసార్లు సాగి ముడుచుకున్న ఉక్కు అలసిపోతుంది. దాని పేరే ఫెటీగ్. పగులు డెక్ మధ్యలో మొదలవదు. ప్లేటుకు బలమిచ్చే రెండు స్టిఫెనర్లు కలిసే మూలలో, వెల్డింగ్ అతుకు అంచున, ఏదో ఒక పైపు కోసం ప్లేటుకు పెట్టిన చిల్లు పక్కన మొదలవుతుంది. వంపు తెచ్చే ఒత్తిడి అక్కడే గుమిగూడుతుంది కాబట్టి డిజైన్ ఆఫీసులో మా కష్టంలో పెద్ద భాగం ఆ మూలలకే పోయేది. ఎంత గుండ్రం తిప్పాలి, అతుకు అంచును ఎంత నున్నగా రుద్దించాలి అని గంటలు గంటలు వాదించుకునేవాళ్లం.

అందుకే ఎఫ్‌పీఎస్‌ఓలో వరసగా ఒక్కో ట్యాంకూ ఖాళీ చేసి, గ్యాస్ పోగొట్టి, సర్వేయర్లు టార్చిలు పట్టుకుని లోపలికి దిగుతారు. చీకటి, వేడి, చమురు వాసన. మూల మూలనా రంగు ద్రావకం పూసి తుడిచి చూస్తారు. వెంట్రుకంత గీత ఉన్నా ఆ రంగు పైకి తేలి కనిపిస్తుంది. దొరికితే పగులు చివర చిన్న చిల్లు వేస్తారు. అక్కడితో అది ముందుకు పాకడం ఆగుతుంది, తర్వాత ప్లేటు ముక్క మారుస్తారు. ఆ గీత పొడవునూ చోటునూ రాసుకుని, ఆ ఏళ్లలో ఆ చోట ఏ కెరటాలు ఎంత ఎత్తున ఎన్ని సెకన్లకొకటి వచ్చాయో ఆ రికార్డుతో పక్కపక్కన పెడతారు. లెక్క అనుకున్న ఏడాదికే పగులు వచ్చిందా, ముందే వచ్చిందా అని చూస్తారు. ముందే వచ్చి ఉంటే అలాంటి మూలలన్నిటి ఆయుష్షునూ మళ్లీ మొదటి నుంచి లెక్కగడతారు.